ఫ్యాబ్ సంగతి తర్వాత, ముందు ఒక ల్యాబ్ ఇవ్వండి

తెలంగాణ ఐటీ, ఎలక్ట్రానిక్స్, పరిశ్రమల శాఖల మంత్రిగారికి, అధికారులకు,

నమస్కారం.

2022 జూన్‌లో రాష్ట్రానికి 24 వేల కోట్ల రూపాయలతో అమోలెడ్ డిస్‌ప్లే ఫ్యాబ్, అంటే ఫోన్ల తెరల్లాంటివి చేసే ఫ్యాక్టరీ, వస్తోందని ప్రకటన వచ్చింది. దేశంలో అదే మొదటిది అవుతుందన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, శాఖల్లో కుర్చీలు మారాయి, ఆ ఫ్యాబ్ నుంచి మాత్రం ఇప్పటిదాకా ఒక్క తెర బయటికి రాలేదు. ఎందుకు రాలేదని నిలదీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అంత డబ్బు, అన్ని నీళ్లు, అంత కరెంటు అడిగే పరిశ్రమ ఒక ఎంఓయూ మీద సంతకం పడగానే లేచి నిలబడదని హైదరాబాద్ వాళ్లకి ఎప్పుడో తెలుసు. 2006లో ఎయిర్‌పోర్టు దిక్కున ఫ్యాబ్ సిటీ అన్నారు, చిప్పుల ఫ్యాక్టరీ అన్నారు. చిప్పులు రాలేదు, పేరు మిగిలింది.

నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, నాచారం, జీడిమెట్ల కంపెనీల్లో పనిచేస్తూ వచ్చినవాణ్ణి. ఎక్కువ భాగం మందుల పనే. మధ్యలో కొన్నాళ్లు ఓఎల్ఈడీలకి (కరెంటు పారితే వెలిగే ఆర్గానిక్ పొరలు, అమోలెడ్ తెరల్లో వెలిగేవి ఇవే) వాడే ఇంటర్మీడియట్లు, అంటే చివరి రసాయనానికి ముందు మెట్టు సరుకు, చేసి పంపే ప్రాజెక్టులో ఉన్నాను. అక్కడ చూసిందాన్ని బట్టి మీకొక విన్నపం చేయాలనిపించింది. ఫ్యాబ్ ప్రయత్నాలు మీరు మానొద్దు. కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేకుండా, ఈ ఊరికి ఇప్పటికే చేతనైన పని ఒకటుంది. ఒకదానిమీద ఒకటి పేర్చే ఓఎల్ఈడీలకి కావలసిన పొరల రసాయనాలు చేయడం, చేసినవాటిని ఇక్కడే వెలిగించి పరీక్షించడం. మొదటి సగం మనకి వచ్చు. రెండో సగానికి ఒక ఉమ్మడి ల్యాబ్ కావాలి.

ఇదేదో పెద్ద శాస్త్రవేత్తల గొడవ అనుకోకండి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఏ కౌంటర్ దగ్గరైనా కాసేపు నిలబడితే తెలుస్తుంది. ఒకాయన ఫోన్ తీసి చూపిస్తాడు, తెర మీద పైనుంచి కిందిదాకా సన్నటి పచ్చ గీత. "అప్‌డేట్ చేశాక వచ్చింది భయ్యా" అంటాడు. కుర్రాడు సరిగ్గా చూడకుండానే "గ్రీన్ లైన్, డిస్‌ప్లే మార్చాల్సిందే, ఒరిజినల్ వేయాలా, కాపీ వేయాలా?" అని రేటు చెబుతాడు. ఆ రేటు విని చాలామంది ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ గీత చాలాసార్లు తెర పొరల తప్పు కాదు, తెరకీ దాన్ని నడిపే చిప్పుకీ మధ్య కనెక్షన్ తప్పు. అది వేరే కథ. నేను చెప్పదలచుకుంది అదే కౌంటర్ మీద పక్కన పెట్టిన ఇంకో ఫోన్ గురించి. అది ఒక డెలివరీ కుర్రాడిది. ఎండలో బ్రైట్‌నెస్ నిండా పెట్టి, రోజంతా మ్యాప్ తెరిచి ఉంచుతాడు. కొన్నాళ్లకి యాప్ మూసేసినా పైన సెర్చ్ బాక్సు నీడ, కింద బటన్ల నీడ తెర మీదే ఉండిపోతాయి. దాన్ని బర్న్-ఇన్ అంటారు. ఎక్కువగా వెలిగిన చోట పొర అరిగిపోయిందన్నమాట. మూడు రంగుల్లో అందరికంటే ముందు అరిగేది నీలం.

నీలమే ఎందుకంటే దాని కాంతిలో శక్తి ఎక్కువ. నీలం వెలిగించాలంటే అణువుని ఎంత ఎత్తుకి లేపాలో, ఆ అణువులోని బలహీనమైన బంధాన్ని తెంచడానికీ ఇంచుమించు అంతే చాలు. పైగా అలా లేచిన అణువులు రెండు ఎదురుపడితే ఒకదాని శక్తి ఇంకోదానికి ఎక్కుతుంది. ఇక ఆ బంధం నిలవదు. తెగిన అణువు తాను వెలగడం మానేయడంతో ఆగదు, పక్కవాటి వెలుగునీ మింగేస్తుంది. కరెంటు ఎంత గట్టిగా తోస్తే ఇది అంత ఎక్కువ.

అయితే కరెంటు తగ్గించి, వెలుగు తగ్గకుండా చూడటం ఎలా? పేర్చడం పుట్టింది ఇక్కడే. ఇప్పటి ఫోన్ తెరలో ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కన ఉంటాయి. మూడొందల గజాల ప్లాటుని ముగ్గురు అన్నదమ్ములు ముక్కలు చేసుకుంటే తలా వంద గజాలే వస్తాయి. అదే మూడంతస్తులు వేసుకుంటే ఒక్కొక్కరికీ మూడొందల గజాల ఇల్లు. నిలువుగా పేర్చిన ఓఎల్ఈడీది అచ్చం ఈ లెక్కే. ప్రతి రంగుకీ పిక్సెల్ మొత్తం జాగా దొరుకుతుంది కాబట్టి, అదే వెలుగుకి చదరపు సెంటీమీటరు మీద పడే కరెంటు మూడో వంతుకి వస్తుంది. తెర మీద చుక్కలు మరింత దగ్గరగానూ పెట్టొచ్చు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పలచటి రెండు ఆర్గానిక్ పొరలతో మొదటి పనికొచ్చే ఓఎల్ఈడీ చేశారు. పదేళ్లు తిరక్కుండానే ప్రిన్స్‌టన్‌లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందం ముందు రెండువైపులా వెలుగు వదిలే పారదర్శక ఓఎల్ఈడీ చేసి (1996), ఆ మరుసటి ఏడాదే మూడు రంగులనీ ఒకదానిమీద ఒకటి పేర్చి, ఏ రంగుకి ఆ రంగు విడిగా పెంచి తగ్గించే పరికరం చూపించింది. ఒక రంగు వెలుగు మిగతా రంగుల పొరలన్నీ దాటుకుని బయటపడాలి. కాబట్టి మధ్యలోని ఎలక్ట్రోడ్ కరెంటు మోయాలి, వెలుగుకి అడ్డురాకూడదు. మెగ్నీషియం, వెండి కలిపి 100 ఆంగ్‌స్ట్రామ్‌ల (మిల్లీమీటరులో లక్షో వంతు) పలచటి పొర వేసి, దానిమీద ఇండియం టిన్ ఆక్సైడ్ అనే కరెంటు మోసే పారదర్శక పదార్థం పరిచారు. చదివితే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కానీ ఫోన్లు చేసేవాళ్లు ఆ దారిన పోలేదు. మూడు రంగులు విడివిడిగా నడవాలంటే ఒక్కో పిక్సెల్‌కి నాలుగు ఎలక్ట్రోడ్లు, మధ్యలోవాటికి కింది ట్రాన్సిస్టర్ల నుంచి విడి దారులు కావాలి. కోట్ల పిక్సెల్‌లలో అది నరకం. సున్నితమైన ఆర్గానిక్ పొర మీద ఇండియం టిన్ ఆక్సైడ్‌ని స్పటర్ చేస్తే, అంటే అణువుల్ని వేగంగా చిమ్మి పూత వేస్తే, కింది పొర దెబ్బతింటుంది. పైగా ఇన్ని పొరల మధ్య కాంతి అటూ ఇటూ తగిలి, పక్కనుంచి చూస్తే రంగు మారిపోతుంది.

పరిశ్రమ ఎంచుకుంది దీని తమ్ముణ్ణి. దాన్ని టాండెమ్ అంటారు. వెలిగే యూనిట్లు రెండో మూడో పేర్చి, మధ్యలో విడి ఎలక్ట్రోడ్ పెట్టకుండా పైకీ కిందికీ ఛార్జ్ అందించే ఛార్జ్ జనరేషన్ లేయర్ అనే పొర వేస్తారు. 2000ల మొదట్లో జపాన్‌లో జుంజి కిడో బృందం దీనికి గట్టి దారి వేసింది. పైనుంచి కిందికి ఒకే కరెంటు సాగుతుంది, ప్రతి అంతస్తూ వెలుగుతుంది. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి, ఎందుకంటే సేల్స్ వాళ్లు దీన్ని మంత్రంలా అమ్ముతారు. రెండు యూనిట్లు పేరిస్తే కరెంటు సగానికి తగ్గుతుంది నిజమే, వోల్టేజ్ మాత్రం రెట్టింపవుతుంది. అంటే పేర్చినంత మాత్రాన కరెంటు బిల్లు సగమైపోదు. ఎక్కువ కరెంటు దగ్గర ఓఎల్ఈడీ సామర్థ్యం పడిపోతుంది కాబట్టి అక్కడ కొంత మిగులుతుంది, అంతే. అసలు లాభం ఆయుష్షులో ఉంది. కరెంటు సగమైతే అరుగుదల సగం కంటే బాగా తక్కువవుతుంది. తెర బతికేకాలం రెట్టింపుని దాటిపోతుంది.

అందుకే ముందు కార్లవాళ్లు ఎగబడ్డారు. ఎండలో నిలబడి ఏళ్లతరబడి వెలగాల్సిన తెర వాళ్లది. ఎల్జీ డిస్‌ప్లే 2019లో కార్ల కోసం టాండెమ్ తెరల ఉత్పత్తి మొదలుపెట్టింది. 2024 మేలో వచ్చిన ఐప్యాడ్ ప్రోలో ఇదే పద్ధతితో తెర మొత్తం 1000 నిట్స్ (తెర వెలుగు కొలిచే ప్రమాణం) వెలుగు ఇచ్చారు. 2025 మేలో ఎల్జీ డిస్‌ప్లే ఇంకో కబురు చెప్పింది. రెండంతస్తుల నీలంలో కింద పాత ఫ్లోరొసెంట్ పొర (ఆయుష్షు ఎక్కువ, సామర్థ్యం తక్కువ), పైన ఫాస్ఫొరొసెంట్ పొర (సామర్థ్యం ఎక్కువ, ఆయుష్షు తక్కువ) పెట్టి, ఫ్యాక్టరీ స్థాయిలో పనితీరు సరిచూసుకున్నామని, కరెంటు వాడకం సుమారు 15 శాతం తగ్గిందని. ఎరుపు, ఆకుపచ్చ ఫాస్ఫొరొసెన్స్‌కి మారి చాలా ఏళ్లయినా నీలం మాత్రం పాతికేళ్లుగా అందర్నీ ఏడిపిస్తోంది. దానికి దారి దొరికింది కూడా పేర్చడంలోనే. ఒక పొర ఆయుష్షు తెస్తే, ఇంకో పొర సామర్థ్యం తెస్తుంది.

ఇక మన ఊరి సంగతి.

కొడాక్ వాళ్లు 1987లో వెలిగించిన పదార్థం అల్యూమినియం హైడ్రాక్సీక్వినొలిన్. మన ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో అల్యూమినియం ఎంతుందో తేల్చడానికి ఆక్సిన్ (అంటే ఆ హైడ్రాక్సీక్వినొలినే) కలిపి, పసుపు ప్రెసిపిటేట్ తెప్పించి, వడగట్టి తూచినవాళ్లు ఈ రాష్ట్రంలో వేలల్లో ఉంటారు. అదే పదార్థం. యూవీ దీపం కింద పెడితే పసుపుపచ్చగా వెలుగుతుంది. మార్కులు వేసి సింకులో పారబోశాం.

ఆ తర్వాత వచ్చిన పొరల అణువులు ఇంకా పెద్దవి. కార్బజోల్, ట్రయరైల్ అమీన్, ఇరిడియం కాంప్లెక్సులు. వాటిని కట్టే రియాక్షన్లు ఏమిటంటే, పెల్లేడియం సాయంతో అణువుల ముక్కల్ని అతికించే సుజుకి కప్లింగ్, బుక్‌వాల్డ్ కప్లింగ్. జీడిమెట్లలో, పాశమైలారంలో రాత్రి షిఫ్టు కెమిస్టుని లేపి అడిగినా వాటి కండిషన్లు చెబుతాడు. పెల్లేడియం మిగలకుండా కడగడం, శుద్ధిని కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఇంప్యూరిటీని పట్టుకోవడం, గ్రాముల్లో చేసిందాన్ని కిలోకి తీసుకెళ్లడం ఈ ఊరి అన్నంముద్ద. తార్నాకలో ఐఐసీటీ అనే కేంద్ర రసాయన పరిశోధన సంస్థ 1944 నుంచి ఉంది. వెలుగుని కరెంటుగా మార్చే రంగు అణువుల మీద అక్కడ ఏళ్లుగా పని సాగింది. మనకి కావలసింది దానికి తిరగేసిన పనే. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, కందిలో ఐఐటీ ఉంది, ఉస్మానియా ఉండనే ఉంది.

మరి ఆగిపోయేది ఎక్కడ? శుద్ధి దగ్గర, ఆ తర్వాత పరీక్ష దగ్గర. మందుల పనిలో హెచ్‌పీఎల్‌సీ 99.5 శాతం చూపిస్తే మేనేజర్ వెన్ను తడతాడు. ఓఎల్ఈడీలో అది ఆరంభం మాత్రమే. కప్లింగ్‌లో మిగిలిన క్లోరిన్, బ్రోమిన్ మిలియన్‌లో కొన్ని వంతులున్నా పొర తొందరగా చచ్చిపోతుంది. దాన్ని తీయడానికి సబ్లిమేషన్ చేస్తారు. పొడవాటి క్వార్ట్జ్ గొట్టం, చుట్టూ ఒక చివర ఎక్కువ వేడి, ఇంకో చివర తక్కువ వేడి ఉండేలా ఫర్నేసు, లోపల వాక్యూమ్. ఒక కొసన పొడి పెట్టి నెమ్మదిగా వేడిచేస్తే, ఆవిరై వెళ్లి గొట్టం లోపలి గోడకి పట్టీలు పట్టీలుగా అతుక్కుంటుంది. మొదట్లో ముదురు రంగు పట్టీ, చివర్లో తేలిక మలినాల పట్టీ, నడుమ మెరిసే పసుపు పట్టీ. కావలసింది ఆ నడుమదే. గొట్టం చల్లారాక గరిటెతో దాన్ని గీకి తీస్తుంటే, పక్క పట్టీ నుంచి పిసరంత కలిసినా పనంతా మళ్లీ మొదటికొస్తుంది. ఆ గీకుడు పుస్తకం చదివితే రాదు, చేతికి అలవాటు కావాలి. పేర్చిన పరికరంలో పొరలు ఇరవై దాటుతాయి. అందులో ఏ ఒక్కటి పాడున్నా మొత్తం తెరకి అదే ఆయుష్షు.

సరే, శుద్ధిగా చేశాం. కొనేవాడు మొదట అడిగేది పొడి కాదు, డేటా. "ఈ అణువుతో చేసిన పరికరం ఎన్ని నిట్స్ దగ్గర ఎన్ని గంటల్లో ఐదు శాతం తగ్గింది?" అంటాడు. దాన్ని ఎల్‌టీ95 అంటారు. నేనున్న ప్రాజెక్టులో శాంపిల్ పార్సిల్ కట్టి విదేశానికి పంపేవాళ్లం. వాళ్లు పరికరం చేసి, నెలల తర్వాత ఒక ముక్కలో జవాబిచ్చేవాళ్లు: పనికొచ్చింది, లేదా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పేవాళ్లు కాదు. చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు, ఆ జ్ఞానమే వాళ్ల ఆస్తి. మేం మాత్రం ఇంటర్మీడియట్ల దగ్గరే ఉండిపోయాం. అసలు విలువ ఉన్న చివరి రెండు మెట్లు వాళ్లవే.

నేను అడిగే ల్యాబ్ ఆ రెండు మెట్లకోసం. పెద్ద గాజు పలకలు అక్కర్లేదు, అరచేతిలో పట్టే గాజు ముక్కలు చాలు. పది, పన్నెండు మూసలు (పొడిని వేడిచేసే చిన్న గిన్నెలు) ఉండి, ఆవిరిని పొరగా పరిచే ఒక వాక్యూమ్ డిపొజిషన్ యంత్రం, దానికి అతికించిన నైట్రోజన్ గ్లవ్ బాక్సు, పారదర్శక ఎలక్ట్రోడ్‌ని కింది పొర చెడకుండా వేసే మెత్తని స్పటరింగ్ ఛాంబర్, మూతవేసి సీల్ చేసే సదుపాయం, వందల ముక్కల్ని ఒకేసారి వెలిగించి గంటలు లెక్కపెట్టే అలమారాలు, రెండు మూడు సబ్లిమేషన్ ఫర్నేసులు. 24 వేల కోట్లలో ఒక శాతమంటే 240 కోట్లు. అంతకూడా కాదు, అందులో కొంత భాగంతో ఇది అవుతుంది. రాయదుర్గంలో టీ-వర్క్స్ (నమూనాలు తయారుచేసుకునే ఉమ్మడి వర్క్‌షాపు) ఎలా పెట్టారో అలాగే, ఫీజు కట్టిన ఎవరైనా వాడుకునేలా పెట్టండి. నాచారంలో పదిమందితో నడిచే కంపెనీ కూడా రావాలి, ఉస్మానియా పీహెచ్‌డీ అమ్మాయి కూడా రావాలి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర యంత్రం కొనడం ఎప్పుడూ కష్టం కాదు. రిబ్బన్ కత్తిరిస్తారు, ఫోటో దిగుతారు. రెండేళ్లకి పంపు ఆగుతుంది, స్పేరు పార్టుకి టెండరు, టెండరుకి ఫైలు, ఫైలు మీద క్వెరీ. ఈలోగా ఛాంబర్‌లోకి గాలి వెళ్లి తేమ పట్టేస్తుంది. ఓఎల్ఈడీకి నీటి ఆవిరి విషం. సీలు గుండా రోజుకి చదరపు మీటరుకి గ్రాములో పది లక్షో వంతు మించి పోకూడదంటారు. జూలైలో హైదరాబాద్ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి యంత్రానికి ఎంత పెడతారో, దాన్ని నడిపే టెక్నీషియన్ల జీతాలకి, స్పేర్లకి, ఆగని కరెంటుకి ముందే విడిగా నిధి పెట్టండి. ఆయుష్షు పరీక్షలు వెయ్యి గంటలు దాటి నడుస్తాయి, తొమ్మిది వందలో గంటలో కరెంటు పోతే నెల పైబడిన పని గంగలో కలుస్తుంది. టెక్నీషియన్లని అవుట్‌సోర్సింగ్‌లో ఏడాదికొకసారి మార్చేస్తే గీకే చెయ్యి ఎవరికీ అలవాటు కాదు.

ఇంకోటి, మీ ప్రోత్సాహకాల కొలబద్ద. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎంతమందికి ఉద్యోగాలు అని చూస్తారు. ఫోన్లు బిగించే ఫ్యాక్టరీకి అది సరిపోతుంది. ఈ రసాయనాలు గ్రాముల్లో, కిలోల్లో అమ్ముడవుతాయి. ఒక షెడ్డు, ముప్పైమంది కెమిస్టులు, ఏడాదికి కొన్ని వందల కిలోలు. మీ ఫారంలో అది చిన్నతరహా పరిశ్రమ అనే గడి దాటదు. శుద్ధి స్థాయిని, పరికరం డేటాని చూసి ఇచ్చే ప్రోత్సాహకం ఒకటి కొత్తగా రాయాల్సి ఉంటుంది.

"కొనేవాళ్లంతా కొరియాలో, చైనాలో ఉంటే ఇక్కడ చేసి ఏం లాభం?" అని మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక కొత్త అణువుని తెరల కంపెనీ ఒప్పుకోవడానికి ఏళ్లు పడుతుంది. కానీ మన ఊరు అమెరికా ఎఫ్‌డీఏ గడప తొక్కి మందులు అమ్మింది కూడా అలా ఏళ్ల తరబడి కాగితాలు మోసే కదా. పైగా పేర్చిన ఓఎల్ఈడీ మూల పేటెంట్లు 1990ల మధ్యలోవి, వాటి గడువు తీరిపోయింది. కొత్త అణువుల పేటెంట్లు మాత్రం వాళ్ల చేతుల్లో ఉన్నాయి, మనవి మనం కనిపెట్టాల్సిందే. "కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం, మద్రాస్ ఐఐటీలో అమోలెడ్ కేంద్రం ఉన్నాయి కదా, మనకెందుకు?" అనీ అడగొచ్చు. వాళ్ల బలం పరికరాలు, సర్క్యూట్లు. మన బలం అణువులు. కెమిస్టు ఫ్లాస్కు దించిన మర్నాడే తన పొర వెలిగిందో లేదో చూసుకోగలిగితే, వారంలో అణువు మార్చి మళ్లీ వస్తాడు. చెన్నైకి కొరియర్ చేసి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తే అది కుదరదు.

కాలుష్యం సంగతి దాచను. పటాన్‌చెరు, బొల్లారం రసాయనాలు నక్కవాగుని ఏం చేశాయో ఆ ప్రాంతం మర్చిపోలేదు. ఓఎల్ఈడీ పనిలోనూ క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు, టొల్యూన్ వాడతాం. పరిమాణం తక్కువ కాబట్టి మొత్తం తిరిగి పట్టి వాడుకోవడం సాధ్యమే, ఆ షరతు మీద మాత్రమే అనుమతి ఇవ్వండి. మాలో ఎవరైనా దానికి అభ్యంతరం చెబితే వాళ్ల మాట వినకండి.

పేర్చిన తెరల్లో అసలు కల, మూడు రంగులూ విడిగా నడిచే ఆ 1997 పరికరం, ఇంకా ఎవరి ఫోన్‌లోకీ రాలేదు. కళ్లద్దాలంత చిన్న తెరల్లో, అంగుళానికి వేల చుక్కలు పట్టాల్సిన చోట, అది మళ్లీ అవసరమవుతుందని నా నమ్మకం. అప్పుడు కావలసింది కింది పొరని గాయపరచని పారదర్శక ఎలక్ట్రోడ్, దాన్ని కాపాడే కవచం లాంటి ఆర్గానిక్ పొర. రెండూ కెమిస్టు పరిష్కరించాల్సిన చిక్కులే.

ఎలక్ట్రానిక్స్ పాలసీ ముసాయిదా ఈసారి తయారుచేసేటప్పుడు ఫ్యాబ్ పక్కన ఈ ల్యాబ్ పద్దు కూడా చేర్చండి. అంతకుముందు ఐఐసీటీ, ఉస్మానియా, ఐఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లని, నాచారం, జీడిమెట్ల కెమిస్టుల్ని, టీ-వర్క్స్ ఇంజనీర్లని ఒక గదిలో కూర్చోబెట్టి యంత్రాల లిస్టు రాయించండి. కన్సల్టెన్సీకి ఇవ్వకండి. ఆదివారం పెట్టినా వస్తాం.

ఇట్లు,
నాచారం నుంచి ఒక ఆర్గానిక్ కెమిస్టు